నాలుక అందని చోట బొట్టు

ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "ఇన్నేళ్ళు విత్తనాల కంపెనీలో చేశారు కదా మేడం, మరిచిపోలేని అనుభవం ఒకటి చెప్పండి" అంటారు. ఏదో గొప్ప వంగడం గురించో, ఎవరో మంత్రిగారి చేతుల మీదుగా అందుకున్న శాలువా గురించో చెబుతానని వాళ్ళ ఆశ. నాకేమో ఒక పిల్లి గుర్తొస్తుంది. పిల్లికి షుగరొచ్చింది అంటానా, వాళ్ళ మొహాల మీదికి ఒక నవ్వు వస్తుంది. ఆ నవ్వు చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ రోజుల్లో మా ప్లాంటు మేనేజరూ సరిగ్గా అలాగే నవ్వాడు. కాబట్టి నవ్వే పనేదో ముందే కానిచ్చేయండి. అయ్యాక వినండి.

మా ప్లాంటు గుండ్లపోచంపల్లి దగ్గర, హైవేకి కాస్త లోపలికి. రైతుల దగ్గర్నుంచి వచ్చిన వరి, మొక్కజొన్న విత్తనాన్ని శుభ్రం చేసి, మందు పట్టించి, సంచుల్లో నింపి గోడౌన్‌లో పేర్చే చోటు. నేను ల్యాబులో ఉండేదాన్ని. గింజ మొలుస్తుందో లేదో చూసి చెప్పడం నా పని. పుట్టింది కృష్ణా జిల్లాలో, స్థిరపడింది కొంపల్లిలో. వచ్చిన కొత్తలో ఇక్కడి మాట నాకు అర్థమయ్యేది కాదు, నా మాట వాళ్ళకి నవ్వొచ్చేది. పోను పోను వాళ్ళు నన్ను తిట్టుకునేటంత దగ్గరయ్యారు, నేను వాళ్ళని తిట్టేటంత.

విత్తనాల గోడౌన్‌కి ఎలుకను మించిన శత్రువు లేదు. సంచికి చిన్న చిల్లు పెట్టిందంటే చాలు, ఆ సంచి ఇక అమ్మకానికి పనికిరాదు. మందు పెట్టినా, బోనులు పెట్టినా లొంగని ఎలుకల్ని అదుపులో పెట్టింది ఒక బూడిదరంగు ఆడపిల్లి. ఎవరూ తెచ్చింది కాదు, ఏ లారీలోనో వచ్చి దిగింది. అన్నిటికంటే ఎత్తుగా పేర్చిన బస్తాల నిట్టు మీద కూర్చుని కింద పనిచేసేవాళ్ళందరినీ కళ్ళు సగం మూసి చూస్తుండేది. అందుకని హమాలీలు దానికి సూపర్‌వైజరమ్మ అని పేరు పెట్టారు. అసలు సూపర్‌వైజరుకి ఆ పేరంటే మంట. అది వేరే కథ.

అలా ఏళ్ళు గడిచాయి. పిల్లి ముసలిదైంది. వేట తగ్గింది, మావాళ్ళ ప్రేమ పెరిగింది. ప్రేమంటే ఏమిటి? చాయ్ వేళకి చాయ్‌లో ముంచిన బిస్కెట్టు. ఒకళ్ళు పెడితే చూసి ఇంకొకళ్ళు. మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం బన్ను ముక్క. మాంసం తిని బతకాల్సిన జంతువుని పెళ్ళివారి చుట్టంలా మేపారు. నేను అరిచేదాన్ని. "అయ్యో, ముసల్ది గద మేడం, తిననియ్యుర్రి" అనేవాళ్ళు.

తేడా ముందుగా కనిపెట్టింది పెద్ద హమాలీ. గౌడవెల్లి నుంచి మోపెడ్ మీద వచ్చేవాడు. మనిషి ఎండిన కట్టెలా ఉండేవాడుగానీ, పడుచు హమాలీలు రొప్పే బస్తాని ఈయన మాట్లాడుతూ ఎత్తేవాడు. ఆయనకీ షుగరే. ఎప్పట్నుంచో ఇంజెక్షన్ మీదే బతుకుతున్నాడు. పొద్దున్నే గోడౌన్ గోడకి ఆనుకుని కూర్చుని, చొక్కా పైకెత్తి, పొట్టలో సూది గుచ్చుకుని, టిఫిన్ డబ్బా విప్పేవాడు. ఒకరోజు నా ల్యాబు గుమ్మం దగ్గరికొచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"మేడం, సూపర్‌వైజరమ్మ గిన్ని నీళ్ళు తాగుతాంది ఏంది? తొట్టి కాడనే ఉంటాంది. తింటాంది గని ఎండిపోతాంది. నాకు షుగర్ మొదలైనప్పుడు గూడ గిట్లనే ఐంది."

"నీకు షుగరుంటే లోకంలో అందరికీ షుగరేనా?" అన్నాను.

అన్నానేగానీ వెళ్ళి చూశాను. నిజమే. వెన్నెముక చేతికి తగులుతోంది. నడుస్తుంటే వెనక కాళ్ళు మడమల దాకా నేలకి ఆనిపోతున్నాయి. తూకం కాంటా పక్కన మడుగు కట్టినట్టు మూత్రం, దానికి చీమలు. సాయంత్రం ఇద్దరం కలిసి దాన్ని గంపలో పెట్టుకుని కొంపల్లిలో ఒక జంతువుల క్లినిక్‌కి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపిక ఉన్న మనిషి. భయపడితే కూడా పిల్లులకి షుగరు పెరుగుతుందట. అందుకని చెవి నుంచి తీసిన రక్తం ఒక్కటే చూసి తేల్చకుండా, మూత్రం కూడా పరీక్షించింది, ఇంకోరోజు మళ్ళీ రమ్మంది. తర్వాత చెప్పింది, షుగరేనని. రోజుకి రెండుసార్లు, పొద్దునా సాయంత్రం, తిండి తిన్నాక చర్మం కింద సూది. బిస్కెట్టు, పాలు, అన్నం బంద్. ఉడికించిన కోడిమాంసం, చేప, గుడ్డు. మందు సీసా ఫ్రిజ్‌లో ఉండాలి, గడ్డకట్టకూడదు. వాడేముందు కుదపకూడదు, అరచేతుల మధ్య దొర్లించాలి.

"ఒకవేళ మందు ఎక్కువైతే?" అని నేనడిగాను.

"తూలుతుంది, వణుకుతుంది, పడిపోతుంది. వెంటనే చక్కెర నీళ్ళు చిగుళ్ళకి రాసి తీసుకురండి మేడం. ఒక పూట సూది తప్పిపోతే పరవాలేదు. రెండుసార్లు పడితే మాత్రం ప్రాణం పోతుంది. ఇచ్చామో లేదో అనుమానమొస్తే ఇవ్వకండి" అంది.

మర్నాడు ఈ కబురు ప్లాంటంతా పాకింది. మేనేజరు నన్ను పిలిచాడు. నవ్వాడు. ఆ నవ్వు సంగతి ముందే చెప్పాను.

"పిల్లికి షుగరేంటండీ మేడం! రేపు ఎలుకకి బీపీ అంటారా? ముసలిదైపోయింది. సంచిలో కట్టి శామీర్‌పేట చెరువు అవతల వదిలేయించండి. నీళ్ళు దాటిస్తే పిల్లి తిరిగి రాదంటారుగా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎన్ని సంచులు కాపాడిందండీ అది? ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్యా?" అన్నాను.

"సామెతలు వద్దండీ. పనికొచ్చేదాన్నే మనం ఉంచుకోగలం."

ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఆయన చెడ్డవాడు కాడు. ఇంట్లో కుక్కని పెంచుకునేవాడు, దాని ఫోటోలు అందరికీ చూపించేవాడు కూడా. కానీ ఆఫీసు కుర్చీలో కూర్చుంటే ఆయనకి ఇదొక్కటే మంత్రం. అరగంట వాదించాను. చివరికి విసుగెత్తి, "సరే, మీ సరదా. దానివల్ల పనికి ఒక్కరోజు అడ్డం వచ్చిందా, ఆ రోజే బయటికి పోతుంది. మళ్ళీ నా దగ్గరికి రాకూడదు" అన్నాడు. ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను?

అలా మొదలైంది మా సంసారం. మందు నా ల్యాబు ఫ్రిజ్‌లో. పొద్దున సూది పెద్ద హమాలీ. ఆయన వంతు కాగానే పిల్లి వంతు. సీసాలు మాత్రం వేర్వేరు, ఆ విషయంలో నేను కచ్చితంగా ఉండేదాన్ని. మెడ వెనక చర్మం రెండు వేళ్ళతో పైకెత్తి, గుడారంలా చేసి, ఆ సందులో చటుక్కున గుచ్చేసేవాడు. పిల్లి కోడిముక్క మీంచి తల ఎత్తేది కాదు. "సూసిన్రా, నాకన్న ధైర్యం దీనికి" అనేవాడు. సాయంత్రం ఆయన వెళ్ళిపోయాక ప్యాకింగ్ మిషన్ ఆపరేటరు ఇచ్చేవాడు. నెమ్మదస్తుడు. మొదటివారం చెయ్యి తిరగక సగం మందు బొచ్చు మీదే పోసేవాడు. ఆదివారం ప్లాంటు మూత కదా, శనివారం పెద్ద హమాలీ దాన్ని గంపలో పెట్టి, పైన తువ్వాలు కట్టి, మోపెడ్ ముందు పెట్టుకుని గౌడవెల్లి తీసుకుపోయేవాడు. వాళ్ళావిడ మొదట కేకలేసిందట. తర్వాత కోడి కోసినప్పుడల్లా కాలేయం దానికోసం పక్కకి తీసేదట.

ఇద్దరు ఇస్తున్నప్పుడు ఎవరిచ్చారో తెలియడం ఎలాగ? నేను గోడకి ఒక కాగితం అంటించి గళ్ళు గీశాను. పెన్ను రెండోరోజుకే మాయం. కాగితం మీద ఎవరో లారీ డ్రైవరు ఫోను నంబరు రాసుకున్నాడు. అప్పుడు గ్రేడింగ్ సెక్షన్ పెద్దామె నవ్వింది. గింజలేరే ఆడవాళ్ళందరికీ ఆమే పెద్ద, గౌడవెల్లి మనిషే, పెద్ద హమాలీకి వరసకి చెల్లెలు.

"కాయితాలెందుకు మేడం? లెక్కవెట్టిన బస్తాకు మావోల్లు సున్నం బొట్టు వెడ్తరు గద, మల్ల ఎవ్వలు లెక్కవెట్టకుంట. గట్లనే దీనికి గూడ పెట్టుర్రి."

భలే అనిపించింది. పొద్దున సూది అయితే పసుపు బొట్టు. సాయంత్రం అది తుడిచి కుంకుమ బొట్టు. పొద్దున వచ్చేసరికి కుంకుమ ఉంటే తుడిచి సూది ఇచ్చి పసుపు పెట్టాలి. నుదుటి మీద పెడితే పిల్లి పంజాతో రుద్దుకుని నాకేస్తుంది కాబట్టి, మెడ వెనక, రెండు భుజాల మధ్య, నాలుక అందని చోట. డాక్టరమ్మకి చెబితే ఆమె కూడా నవ్వి, బాగుందంది. నిజంగానే బాగుంది. పిల్లి నీళ్ళ తొట్టి వదిలింది. వెనక కాళ్ళు మళ్ళీ లేచాయి. ఒకరోజు నిట్టు మీదికి ఎక్కేసరికి ప్యాకింగ్ వాళ్ళు మిషన్ ఆపి చప్పట్లు కొట్టారు. మేనేజరు అద్దాల గదిలోంచి చూశాడు. మిషన్ ఆగితే ఆయన చూస్తాడు.

అలా దసరా వచ్చింది.

ప్లాంటులో దసరా అంటే ఆయుధపూజ. మిషన్లన్నీ కడగాలి, తుడవాలి, పసుపు రాసి బొట్లు పెట్టాలి, గుమ్మడికాయ కొట్టాలి. పెద్దసారు, అంటే ఓనరు గారు, ఏడాదికి ఆ ఒక్కరోజే స్వయంగా వచ్చి హారతి ఇస్తారు. ఆ పూట షిఫ్టులు లేవు, అందరూ పొద్దున్నే రావాలి. పెద్ద హమాలీ అందరికంటే ముందొచ్చాడు. పిల్లికి ముక్కలు పెట్టి, సూది ఇచ్చి, పసుపు బొట్టు పెట్టి, గుమ్మడికాయలూ బంతిపూలూ తేవడానికి మేడ్చల్ వెళ్ళాడు. అంతా పద్ధతిగానే జరిగింది.

ఆయన వెళ్ళాక గ్రేడింగ్ పెద్దామె తడిబట్ట పట్టుకుని బయల్దేరింది. కాంటా తుడిచింది, కుట్టుమిషన్ తుడిచింది, కన్వేయరు తుడిచింది. దారిలో పిల్లి కనిపించింది. పండగపూట దుమ్ముకొట్టుకుని ఉంది పాపం అనుకుంది. చెవుల నుంచి తోక దాకా తుడిచింది. పసుపు బొట్టు సలక్షణంగా పోయింది. ఆ బొట్టు ఉపాయం చెప్పిన మనిషే, ఆ బొట్టుని చేజేతులా తుడిచేసింది. పండగంటే తుడవడమే అని చెయ్యికి అలవాటు. బుర్రతో దానికి పనిలేదు.

తర్వాత ఆపరేటరు వచ్చాడు. ఎప్పుడూ సాయంత్రం వచ్చేవాడు, ఆరోజు పొద్దున్నే వచ్చాడు. పిల్లి మెడ చూశాడు. పసుపూ లేదు, కుంకుమా లేదు. పెద్ద హమాలీ కుంకుమ తుడిచి, పూజసామానుకి పోయే తొందరలో సూది మరిచిపోయి ఉంటాడని తీర్మానించుకున్నాడు. నేను ల్యాబులో గాజుసామాను కడుగుతుంటే ఫ్రిజ్‌లోంచి మందు తీసుకెళ్ళాడు. పండగ హడావుడిలో నాకు ఒక్కమాట చెప్పలేదు. బుద్ధిగా సూది ఇచ్చి, బుద్ధిగా పసుపు బొట్టు పెట్టాడు. అందుకే ఆ తర్వాత చూసినవాళ్ళెవరికీ అనుమానం రాలేదు.

పెద్దసారు వచ్చారు. పట్టు పంచె, పక్కన మేనేజరు. కాంటా, కుట్టుమిషన్, ఫోర్క్‌లిఫ్ట్ వరసగా బొట్లతో మెరుస్తున్నాయి. గ్రేడింగ్ పెద్దామె పిల్లిని తెచ్చి కాంటా పక్కన కూర్చోబెట్టి దాని నుదుటన ఇంత కుంకుమ పెట్టింది.

"ఇదేంటమ్మా?" అన్నారు పెద్దసారు.

"గిది ఆయుధం గాదా సారూ? మన గోడౌన్ల దీన్ని మించిన ఆయుధం ఏమున్నది?"

పెద్దసారు నవ్వి, కాంటాకి ఇచ్చిన హారతి దానికీ తిప్పారు. అందరూ నవ్వారు. అంతలో పిల్లి లేచి నాలుగడుగులు వేసి, తూలింది. తల ఒక పక్కకి వాలింది. పడిపోయి కాళ్ళు కొట్టుకోవడం మొదలెట్టింది.

"పూనకమొచ్చింది! అమ్మవారు పూనింది!" అని ఒకామె కేకవేసింది. అంతే, ఆడవాళ్ళు చేతులు జోడించారు. పూజకి పిలిచిన డప్పువాళ్ళు ఇంకా గట్టిగా వాయించారు. పెద్దసారు కూడా చేతులు జోడించబోయారు.

"పూనకమా నా శ్రాద్ధమా! షుగరు పడిపోయింది! జరగండి!" అని అరిచాను. పెద్దసారి ముందు ఆ మాట అనకూడదు. అన్నాను. ఎండాకాలంలో హమాలీల కోసం తెచ్చిన గ్లూకోజు డబ్బా ల్యాబులో ఉంది. పరిగెత్తి తెచ్చి, నీళ్ళలో తడిపి వేలితో దాని చిగుళ్ళకి రాశాను. పెద్ద హమాలీ అప్పుడే పూలగంపతో లోపలికొచ్చాడు. గంప పడేసి నా పక్కన కూలబడ్డాడు.

"అయ్యో బిడ్డా! నేను పొద్దుగాలనే ఇచ్చిన గద మేడం!"

"నేను గూడ ఇచ్చిన అన్నా" అన్నాడు ఆపరేటరు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "బొట్టు లేకుండె."

గ్రేడింగ్ పెద్దామె చేతిలోని తడిబట్ట చూసుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరినని తిట్టను? తిట్టడానికి నోరు తెరిచి ముగ్గురి మొహాలూ చూసి మూసుకున్నాను. నా ఉద్యోగ జీవితంలో అలా నోరు మూసుకున్న సందర్భాలు చాలా తక్కువ.

అప్పుడు మేనేజరు నా చెవి దగ్గర గొణిగాడు. "పూజ మధ్యలో చావేంటండీ, అశుభం! సంచిలో వేసి వెనక గేటు నుంచి పంపించేయండి. ముందే చెప్పానుగా."

అది ఇంకా ఊపిరి తీస్తోంది. నా వేలు ఇంకా దాని నోట్లోనే ఉంది. ఆ మనిషికి సంచి తప్ప ఇంకేం గుర్తురాలేదు.

ఆఫీసు జీపు తాళాలు అడగలేదు, లాక్కున్నాను. డ్రైవరు, నేను, పెద్ద హమాలీ, ఆయన ఒళ్ళో పిల్లి. కొంపల్లి చేరేదాకా నేను గ్లూకోజు రాస్తూనే ఉన్నాను, ఆయన దాంతో మాట్లాడుతూనే ఉన్నాడు. "కండ్లు తెరువు. నాక్కూడ గిట్లనే ఐతది, సెమటలు వడ్తయి, సీకట్లొస్తయి, మల్ల తేరుకుంట. నువ్వు గూడ తేరుకుంటవు. జర ఓపిక వట్టు." డాక్టరమ్మ పండగైనా క్లినిక్ తెరిచి ఉంచింది. రక్తనాళంలోకి గ్లూకోజు ఎక్కించింది. మధ్యాహ్నం దాటాక పిల్లి తల ఎత్తి మా ఇద్దర్నీ చూసి, సూపర్‌వైజరులాగే కళ్ళు సగం మూసింది. పెద్ద హమాలీ తువ్వాలులో మొహం పెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచడం దేనికి?

పిల్లిని తీసుకుని మేం తిరిగొచ్చేసరికి భోజనాలు అయ్యాయి. పెద్దసారు కారెక్కబోతున్నారు. మేనేజరు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "పూజ ఆగింది, జీపు పోయింది. మన ఒప్పందం మీకు గుర్తుందిగా మేడం? అది లోపలికి రాదు" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే గ్రేడింగ్ పెద్దామె ముందుకొచ్చింది. మేనేజరు వంక చూడనైనా చూడలేదు. సూటిగా పెద్దసారి దగ్గరికి వెళ్ళింది.

"సారూ, ఒక్కమాట. కాంటకు హారతిచ్చిర్రు. మిషన్‌కు ఇచ్చిర్రు. మీ చేతులతోనే దీనికి గూడ ఇచ్చిర్రు. పూజ జేసిన ఆయుధాన్ని గా దినమే బయట పారేస్తే ప్లాంటుకు మంచిగుంటదా? మీరే చెప్పుర్రి."

పెద్దసారు దైవభక్తి ఉన్న మనిషి. గింజ కొనే ముందు ముహూర్తం చూసుకునే మనిషి. పిల్లి నుదుటి మీద చెదిరిన కుంకుమ వంక చూశారు. "ఉండనీయవయ్యా. ఇక్కడే ఉండనీ" అని కారెక్కారు. మేనేజరు మొహం చూడాలి మీరు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. మేం గెలిచామనుకున్నాం.

డాక్టరమ్మ కొన్నాళ్ళు సూది ఆపి, చూసి, తగ్గించి మళ్ళీ మొదలుపెట్టించింది. ఈసారి సూది ఒక్క మనిషి చేతిలోనే, రెండు పూటలా పెద్ద హమాలీయే. సాయంత్రం అందుకోసమే ఆగేవాడు.

యాసంగి పంటకి విత్తనం లారీలకెక్కే రోజులొచ్చాయి. పెద్ద హమాలీ కుంటుతున్నాడు. చెప్పులో మేకు దిగి బొటనవేలి పక్కన పుండైందట, షుగరు మనిషి కదా, మానడం లేదు. గుడ్డ చుట్టుకుని మోస్తున్నాడు. మేనేజరు ఆ గుడ్డ చూశాడు. ప్లాంటుకి హమాలీల్ని పంపే మేస్త్రీని పిలిచి, రేపట్నుంచి ఈయన్ని పంపొద్దన్నాడు. అంతే. కాగితం లేదు, నోటీసు లేదు. సాయంత్రం చెప్పారు, పొద్దున్నుంచి లేదు.

నేను వెళ్ళాను. చచ్చినా మళ్ళీ ఆ గది తొక్కకూడదనుకున్నదాన్ని, వెళ్ళాను.

"మన నిట్లన్నీ ఎవరి భుజాల మీద లేచాయండీ? కాలికి పుండైతే వైద్యం చేయిస్తారా, గెంటేస్తారా?"

"ఆయన మన మనిషి కాదండీ, మేస్త్రీ మనిషి. మన జీతాల రోల్స్‌లో లేడు. రేపు ఏదైనా అయితే మన నెత్తిన పడుతుంది."

"పిల్లి ఉందాండీ మన రోల్స్‌లో?"

"పిల్లి సంగతి వేరు మేడం. పెద్దసారు ఉండమన్నారు."

ఆయన హాస్యానికి అనలేదు. నిజంగా తేడా అదేననుకుంటున్నాడు. పెద్దసారికి ఫోను చేశాను. "మేనేజరుతో మాట్లాడండమ్మా, ఇలాంటివి నేను చూడను" అన్నారు. గ్రేడింగ్ పెద్దామెను అడిగాను, ఏదైనా చెప్పు తల్లీ అని. "మనిషికి ఏం చెప్పాలె మేడం? ఆయుధమైతే చెప్తుంటి" అంది. కళ్ళు తుడుచుకుని గింజలేరుకుంటూ కూర్చుంది.

మర్నాడు పొద్దున పెద్ద హమాలీ గంపతో గేటు దగ్గరికొచ్చాడు. లోపలికి రానివ్వడానికి వాచ్‌మన్ జంకుతున్నాడు.

"నా జీతం కోసం రాలే మేడం. దాని సూదికి టైమైంది. ఇక్కడ ఎవ్వలిస్తరు? నేను తీస్కపోత."

మేనేజరు అద్దాల గదిలోంచి బయటికొచ్చాడు. "అది ప్లాంటు పిల్లి. పెద్దసారు ఇక్కడే ఉండమన్నారు. బయటికి పోకూడదు" అన్నాడు. నమ్మండి, అదే మనిషి, అదే నోరు. చెరువు అవతల పారేయమన్న పిల్లిని, ఆ రోజు గేటు దాటనివ్వనన్నాడు.

నేను వెళ్ళి పిల్లిని నిట్టు మీంచి దింపి, గంపలో పెట్టి, తువ్వాలు కట్టి, గేటు నా చేత్తోనే తీశాను. "రాసుకోండి, ల్యాబు మేడం పట్టుకుపోయిందని" అన్నాను. ఎవరూ ఏమీ రాసుకోలేదు. ఆ ఏడు గోడౌన్‌లో ఎలుకలు ఎంత పండగ చేసుకున్నాయో మాత్రం నేను చెప్పను. నాకు సంతోషం కలిగింది, అది పాపమైతే పాపమే.

పెద్ద హమాలీని నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. బొటనవేలు తీసేశారు, పాదం దక్కింది. తర్వాత కొంతకాలానికి నేను రిటైరయ్యాను. శాలువా కప్పారు. మేనేజరు నా క్రమశిక్షణ గురించి మాట్లాడాడు. నేను నోరు మూసుకున్న రెండో సందర్భం అది.

దసరాకి పాత ఉద్యోగులకి ప్లాంటు నుంచి పిలుపొస్తుంది. నేను వెళ్ళను. మొన్న దసరాకి గౌడవెల్లిలో పెద్ద హమాలీ ఇంటికి వెళ్ళాను. వాళ్ళావిడ పారనీ, కొడవలినీ, మోపెడ్‌నీ కడిగి వాకిట్లో వరసగా పెట్టింది. పక్కనే అరుగు మీద సూపర్‌వైజరమ్మ, కాస్త ఒళ్ళు చేసి, కళ్ళు సగం మూసుకుని. ఒట్టి మాంసం తిండితో దాని షుగరు అదుపులోకొచ్చిందనీ, డాక్టరమ్మ సూది పూర్తిగా మానిపించిందనీ చెప్పాడు. అయినా అప్పుడప్పుడూ చూపించుకోవాలట.

"దానికి తగ్గింది మేడం, నాకే తగ్గలే" అని నవ్వాడు.

వాళ్ళావిడ పసుపు కుంకుమ పళ్ళెం నా చేతికిచ్చింది. పారకి పెట్టాను, కొడవలికి పెట్టాను, మోపెడ్‌కి పెట్టాను, పిల్లి మెడ వెనక అలవాటుకొద్దీ ఒక పసుపు బొట్టు పెట్టాను. ఆయన కర్ర ఊతగా నడుచుకుంటూ వచ్చి నా ముందు తల వంచాడు.

"నాక్కూడ ఒకటి పెట్టుర్రి మేడం. మల్ల ఎవ్వలన్న పారేస్తరేమో."

నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేకపోయాను. కుంకుమ తీసుకుని ఆయన మెడ వెనక పెట్టాను, ఎవరి చెయ్యీ తుడవలేని చోటు ఎక్కడుందో వెతుక్కుంటూ.